హెలెన్ నడిపిన కాపురాలు

మేనమామ కొడుకుని అన్నయ్య అని పిలిచే తెలుగుపిల్లని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆ అన్నయ్యని నేనే. పిలిచింది మా రత్నకుమారి అత్త కూతురు హెలెన్. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఏళ్ళు పిలిచింది. పిలిచినప్పుడల్లా పక్కనున్న తెలుగువాళ్ళు ఒక్క క్షణం నా మొహంకేసి చూసేవాళ్ళు. హిందీవాళ్ళకి మాత్రం అందులో వింతేమీ కనిపించేది కాదు.

ఇది హెలెన్ కథ. ఇందులో నేనున్నందుకు నాకేమీ గొప్ప కాదు. తీసేద్దామంటే కథ నిలబడదు, అదొక్కటే కారణం.

మా నాన్న జ్ఞానప్రకాశం తెనాలి దగ్గర్నుంచి వచ్చి రాయపూర్ రైల్వే వేగన్ రిపేరు షాపులో ఫిట్టరుగా చేరాడు. అత్త భర్త చిన్న వయసులోనే పోతే, ఆవిడ మూడేళ్ళ హెలెన్‌ని చంకనేసుకుని తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. నర్సింగు చదివింది కాబట్టి రైల్వే ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. కాలనీలో మా క్వార్టరుకీ వాళ్ళ క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. "హెలెన్ విజయ్‌కే", అంటే నాకే అని, చర్చిలో తెలుగువాళ్ళంతా ఎప్పుడో ఖాయం చేసేశారు. వచ్చిన నాటినుంచీ తను నన్ను బావా అనే పిలిచేది. జామకాయ కావాలన్నా బావే, లెక్క రాకపోయినా బావే, ఎవడైనా జడ లాగితే వాణ్ణి తను తన్నాక వచ్చి చెప్పుకోవడానికీ బావే.

చిక్కేమిటంటే, నేను ఇంట్లో తెలుగువాణ్ణి, వీధిలో రాయపూర్‌వాణ్ణి. బళ్ళో, క్రికెట్‌లో అంతా హిందీ, ఛత్తీస్‌గఢీ. మా ఇంట్లో మాటలు వినపడితే "అండుగుండు" అని వెక్కిరించే స్నేహితులు. వాళ్ళలో వీరేంద్ర నాకు ప్రాణం. 2003 నాటికి నేను శంకర్ నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు పెట్టుకున్నాను. వాడు రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు మాటల్లో మా నాన్న నాకూ హెలెన్‌కీ పెళ్ళి అనుకుంటున్నాడని నోరు జారాను.

"అరే పాగల్! బువా కీ బేటీ తో బెహన్ హోతీ హై!" అని వాడు కుర్చీలోంచి పడిపోయేలా నవ్వాడు. మేనత్త కూతురంటే చెల్లెలు కదరా పిచ్చోడా అని. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, హెలెన్ నాకు నచ్చకా కాదు, నాన్న బలవంతం చేశాడనీ కాదు, వీరేంద్ర నవ్వాడు, అంతే.

ఆ ఆగస్టులో రాఖీ పండగ రోజున హెలెన్ షాపుకొచ్చింది. తనకప్పుడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగమొచ్చింది. డ్యూటీకి వెళ్తూ, అత్త చేసిన చేపల పులుసు నాకిచ్చి పోదామని కేరియర్ తెచ్చింది. షాపులో వీరేంద్ర, ఇంకో ఇద్దరు. వాళ్ళ చేతులకి మోచేతిదాకా రాఖీలు. నా చెయ్యి బోడిగా ఉంది. మా ఇళ్ళల్లో రాఖీ కట్టే అలవాటు లేదు. "తేరీ బెహన్ ఆ గయీ! బంధవా లే!" అన్నాడు వీరేంద్ర, తన దగ్గర మిగిలిన రాఖీ ఒకటి బల్లమీద పెడుతూ. నీ చెల్లెలొచ్చింది, కట్టించుకో అని.

నేను చెయ్యి చాచాను.

ఎవరూ నా చెయ్యి పట్టి లాగలేదు. నేనే చాచాను. నవ్వుతూ చాచాను. హెలెన్ నా మొహం చూడలేదు, చెయ్యే చూసింది. కేరియర్ కింద పెట్టి, రాఖీ తీసుకుని కట్టింది. రోజూ కట్లు కట్టే చెయ్యి కదా, ముడి గట్టిగా పడింది. వీరేంద్ర అందించిన లడ్డూ తుంచి నా నోట్లో పెట్టి, "వస్తానన్నయ్యా" అని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా నాన్న పాస్టరుగారిని ఇంటికి పిలిచి తేదీ మాట్లాడబోయాడు. అందరి ముందూ హెలెనే లేచి చెప్పింది. "మావయ్యా, రాఖీ కట్టిన చేతికి ఉంగరం తొడగలేను. నన్నడక్కండి" అంది. నాన్న ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. అత్త మాట్లాడింది గానీ, అన్నం పెట్టేటప్పుడు నా కంచం వైపు మాత్రమే చూసేది.

రెండేళ్ళకి బిలాస్‌పూర్ తెలుగు చర్చి టీచరుతో నాకు పెళ్ళయింది. మా ఆవిడ హెలెన్‌కంటే ఏడాది పెద్ద. పెళ్ళిలో హెలెన్ పట్టుచీర కట్టుకుని ఆడపడుచు చెయ్యవలసినవన్నీ చేసింది. ఒక్కటీ తప్పించుకోలేదు. "మరి హెలెన్‌కి మీరు బావ కారా?" అని మా ఆవిడ అడిగితే, "తనకి పెళ్ళంటేనే ఇష్టం లేదు, అందుకని చిన్నప్పట్నుంచీ అన్నయ్యా అంటుంది" అని చెప్పాను. ఒక అబద్ధం కాదు, ఒకే వాక్యంలో రెండు. తర్వాత మా అమ్మాయి దివ్య పుట్టింది. దాని మాటలొచ్చే వేళకి ఆ అబద్ధం ఇంట్లో గోడలాగా నిలబడిపోయింది. దివ్య హెలెన్‌ని అత్తా అని పిలవడం నేర్చుకుంది. నాన్న చెల్లెలు అత్తే కదా మరి.

నాకు పెళ్ళాం మీద ప్రేమ లేక కాదు, పాత రోజులు కావాలనీ కాదు. తను నన్ను ఒక్కసారి బావా అంటే చాలు, నేను చేసింది మాసిపోయిందనుకుంటాను. ఇరవై ఏళ్ళూ నాకున్న కోరిక అదొక్కటే. అడిగే మొహం మాత్రం లేదు.

2006లో షాపుకి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాకో కంప్యూటర్ కావాలి. ఆట ఆడుకునేది."

ఇరవయ్యారేళ్ళ నర్సుకి ఆటేమిటని నవ్వు ఆపుకుని, ఏ ఆట అని అడిగాను. తన పిల్లల వార్డులో కాలు విరిగిన పాప ఒకతి ఉందట. కాలికి బరువు కట్టి మంచం మీద పడుకోబెట్టారు. దాని ల్యాప్‌టాప్‌లో ఒక ఆట. గెలవడం ఓడడం ఉండదు. మనుషుల్ని మనమే తయారుచేసి, ఇల్లు కట్టి, కాపురం పెట్టించాలి. వాళ్ళకి ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, ఉద్యోగాలకి వెళ్తారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్ళవుతారు. పాపని ఎక్స్‌రేకి తీసుకెళ్తుంటే, "సిస్టర్, మేరే లోగోం కో ఖానా ఖిలా దేనా" అని ఏడిచిందట, నా మనుషులకి అన్నం పెట్టమని. హెలెన్ అరగంట కూర్చుని పెట్టింది. పాప తిరిగొచ్చేసరికి వాళ్ళందరూ కడుపునిండా తిని, స్నానాలు చేసి ఉన్నారు.

"ఇంత పద్ధతైన పని నేనెక్కడా చూళ్ళేదన్నయ్యా" అంది.

కంప్యూటర్ బిగించి, ఆట ఎక్కించి వచ్చాను. వారం తిరక్కుండా మళ్ళీ ఫోను. "బిడ్డ పుట్టాడు. వాడి ఇంటిపేరు తప్పు పడింది." వెళ్ళి చూద్దును కదా, ఆట రెండు గడులిస్తుంది, ముందు పేరుకి, తర్వాత ఇంటిపేరుకి. తెలుగుపిల్ల కదా, ముందు గడిలో కాకుమాను, రెండో గడిలో సామ్యేలు అని కొట్టింది. దాంతో ఆ కుటుంబం మొత్తానికీ సామ్యేలు ఇంటిపేరై కూర్చుంది. పుట్టినవాడు పౌలు సామ్యేలు అయ్యాడు.

"ఏముంది, అంతా చెరిపేసి మళ్ళీ మొదలెట్టు" అన్నాను.

తను నన్ను ఎగాదిగా చూసింది. "పుట్టిన బిడ్డని చెరిపెయ్యమంటారా? ఇంటిపేరు తప్పు పడిందనా?"

చెరపలేదు. ఆటలో వాళ్ళు సామ్యేలువాళ్ళే. తన నోటు పుస్తకంలో మాత్రం కాకుమానువారు.

ఆ నోటు పుస్తకాల గురించి చెప్పాలి. వార్డులో రోగి మంచం దగ్గర చార్టు వేలాడుతుంది చూడండి, అలాగే ఆటలో ప్రతి మనిషికీ ఒక పేజీ. ఏ రోజు తిన్నాడు, ఎప్పుడు పడుకున్నాడు, ఎవరితో గొడవపడ్డాడు, పొయ్యి దగ్గర మంటలొచ్చాయా, అన్నీ తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసేది. ఆట ఆపేముందు నర్సులు డ్యూటీ దిగేటప్పుడు రాసినట్టే రాసేది: "రూతుకి జలుబు. పౌలు పని మీద చిరాగ్గా ఉన్నాడు. రేపు ముందు వాణ్ణి చూడాలి." రేపు వచ్చేది కూడా తనే. అయినా రాసేది.

మొదట్లో నేను ఎగతాళి చేశాను. ఆ ఆటలో వీధులు వెడల్పుగా ఉండేవి, ఇళ్ళు విసిరేసినట్టు ఎక్కడో ఒకటి. "ఇది నయా రాయపూర్ కదే, రోడ్లే గానీ మనుషుల్లేరు" అన్నాను, మా ఊరి పక్కన కొత్తగా కడుతున్న రాజధానిని తలుచుకుని. "అందుకే కదా మనుషుల్ని పెడుతున్నా" అంది. ఆ ఆట మనుషులు ఏ దేశానికీ చెందని ఒక భాష మాట్లాడతారు. గలగలమంటుంది గానీ ముక్క అర్థం కాదు. "వీళ్ళేం మాట్లాడుతున్నారు?" అని దివ్య చిన్నప్పుడు అడిగితే, "తెలుగే. మనం రాయపూర్‌లో మాట్లాడితే బయటివాళ్ళకి ఇలాగే వినపడుతుంది" అని చెప్పింది. దివ్య చాలాకాలం నమ్మింది.

కాకుమానువారు పెద్దిల్లు. తర్వాత ఇంకా కుటుంబాలొచ్చాయి. వాటిలో నాకు బాగా నచ్చింది బీర్‌గావ్ వాళ్ళు. తనని కాలిన గాయాల వార్డుకి మార్చాక, ఫ్యాక్టరీలో రెండు చేతులూ కాలిన ఒకతను అక్కడ నలభై రోజులున్నాడు. అతని భార్య రోజూ బీర్‌గావ్ నుంచి ఆటోలు మారి వచ్చేది. కట్టు విప్పి ఇంటికి పంపాక, హెలెన్ ఆ రాత్రే, కాదు, మర్నాడు డ్యూటీ లేని పూట కూర్చుని, ఆటలో వాళ్ళకో ఇల్లు కట్టింది. వెలుతురున్న వంటగది, వాకిట్లో చెట్టు. అతనికి చేతులతో బొమ్మలు గీసే పని ఇచ్చింది.

"ఇదంతా ఎందుకు?" అని అడిగాను.

"డిశ్చార్జి అయ్యాక వాళ్ళేమైపోతారో మాకు తెలీదన్నయ్యా. గేటు దాకే మా పని. ఆ తర్వాత బాగానే ఉన్నారనుకోడానికి నాకో చోటు కావాలి."

అప్పటినుంచి నేను ఎగతాళి మానేశాను. చర్చి ఆడవాళ్ళు మానలేదు. పెళ్ళీడు దాటిపోతుంటే బొమ్మల పెళ్ళిళ్ళు చేస్తోందని గుసగుసలు. ఒకావిడ మొహం మీదే అడిగింది, ఆ బొమ్మలతో నీకేం వస్తుందమ్మా అని. "ఆకలి ఎప్పుడేస్తుందో వాళ్ళు చెప్పకముందే తెలుసుకోవడం వస్తుందండీ. వార్డులో పనికొస్తుంది" అంది హెలెన్. అది జవాబు కోసం చెప్పిన మాట కాదు. కొత్తగా చేరిన నర్సులకి డ్యూటీ అప్పగింత ఎలా రాయాలో తనే నేర్పేది. ఆ నర్సుల్లో ఒకమ్మాయి మా షాపుకొచ్చి, హెలెన్ సిస్టర్ రాసిన చార్టు చదివితే రోగిని చూడకుండానే రోగి తెలిసిపోతాడని చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. గర్వపడే హక్కుందా అంటే, అది వేరే సంగతి.

2009లో మళ్ళీ ఫోను. "అన్నయ్యా, మీరొకసారి రావాలి. ఆట పాడైంది."

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాను. అప్పటికి కాకుమాను సామ్యేలు మనవలు పెద్దవాళ్ళయ్యారు. కొడుకు పౌలుకి ఒక కొడుకు, చిన్నారావు. కూతురు రూతుకి ఒక కూతురు, బుజ్జి. తెర మీద ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుని గలగలమంటున్నారు.

"చూడండి. బుజ్జి చేత చిన్నారావు మీద నొక్కిస్తే, మాట్లాడు, జోకు చెప్పు, అంతవరకే వస్తున్నాయి. దారినపోయేవాడి మీద నొక్కితే ప్రేమ గడి వస్తోంది. వీళ్ళకి రావట్లేదు. చిన్నప్పట్నుంచీ ఒకళ్ళకొకళ్ళని పెంచాను. వారం నుంచి తిప్పలు పడుతున్నా. వైరస్సా?"

నేను వంశవృక్షం తెరిచి చూపించాను. "వైరస్ కాదు హెలెన్. వీళ్ళు కజిన్లు. ఈ ఆట చేసినవాళ్ళ లెక్కలో కజిన్లు తోబుట్టువులతో సమానం. పెళ్ళి కుదరదు."

"మేనమామ కొడుకు కదా?"

"వాళ్ళకి మేనమామా బాబాయీ తేడా లేదు. అందరూ అంకులే."

హెలెన్ వంశవృక్షం మూసేసి, సోఫాలో ఉన్న ఇద్దరినీ చూసింది. తర్వాత మెల్లగా, "వాళ్ళంటే తెలియక చేశారు" అంది.

అంతే అంది. ఆ 'అంటే' అన్న ముక్కలో నాకు రావలసిందంతా వచ్చేసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. లోపల అత్త పప్పు తాలింపు పెడుతోంది. అప్పుడైనా నోరు తెరిచి తప్పయిపోయిందని చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. కేబుళ్ళు సర్దినట్టు నటించి బయటపడ్డాను.

మనసు ఊరుకోక, మూడు రోజులు ఇంటర్నెట్ అంతా గాలించాను. ఎవరో ఆటగాడు తయారుచేసిన చిన్న ఫైలు దొరికింది. అది ఎక్కిస్తే ఆటలో ఆ అడ్డు తొలగిపోతుంది. పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని, ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు పట్టుకెళ్ళాను.

"ఇది వేస్తే చుట్టరికంతో పని లేదు. ఎవరి మీద నొక్కినా ప్రేమ గడి వస్తుంది."

"ఎవరి మీదైనా అంటే? సొంత అన్నాచెల్లెళ్ళకి కూడానా?"

"కూడానే."

"ఛీ! తీసుకుపోండి ముందు. వాళ్ళకి వరస తెలీదు సరే. దీనికి అసలు వరసే లేదు." పెన్ డ్రైవ్‌ని పురుగుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టి నా చేతిలో పెట్టింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు బాగా తెలిసింది.

ఇప్పుడు మీకు నా పిరికితనం ఇంకొకటి చెప్పాలి. ఈ ఆట ఆడేవాళ్ళు నా షాపుకి చాలామంది వచ్చేవారు. కోపమొచ్చిన మనిషిని ఏం చేస్తారో వాళ్ళే చెప్పేవారు. ఈతకొలనులోకి దింపి నిచ్చెన తీసేస్తారట. లేదా తలుపు లేని గదిలో పెట్టి మరిచిపోతారట. నవ్వుతూ చెప్పేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. హెలెన్ ఇంటికి ఏ పని మీద వెళ్ళినా, ముందు కంప్యూటర్ దగ్గరికెళ్ళి చిన్నారావు ఎలా ఉన్నాడో చూసుకునేవాణ్ణి. మేనమామ కొడుకు. బుజ్జికి దక్కనివాడు. వాడి ప్రాణం తన వేలి కింద ఉంది. ఎవరూ అడిగేవాళ్ళు లేరు.

వెళ్ళిన ప్రతిసారీ చిన్నారావు బాగున్నాడు. మంచి ఇల్లు. పక్కవీధి అమ్మాయితో పెళ్ళి. ఇద్దరు పిల్లలు. ఒకసారి వెళ్ళేసరికి వంటింట్లో మంటలంటుకుని వాడు బిత్తరపోయి నిలబడి ఉన్నాడు. హెలెన్ తినే అన్నం పక్కన పెట్టి, ఎంగిలి చేతిని పైకెత్తి పట్టుకుని, ఎడమచేత్తో వాణ్ణి బయటికి లాగి, మంటలార్పేవాళ్ళని పిలిచింది. నోటు పుస్తకంలో వాడి పేజీ తీసి చదివాను. ఒక్క పూట తిండి తప్పలేదు. ఒక్క రోజు నిద్ర తప్పలేదు. తనకి అన్యాయం చేసినవాడి వరసలో ఉన్నవాణ్ణి, ఎవరూ చూడనిచోట, ఏళ్ళ తరబడి అంత శ్రద్ధగా సాకిన మనిషి. గొప్పతనం అన్న మాట నేను అంతకుముందు ఊరికే వాడేవాణ్ణి. ఆ పేజీ చదివాక తగ్గించాను.

బుజ్జి సంగతంటారా? బుజ్జి ఆటలో డాక్టరయింది. తర్వాత పెద్ద డాక్టరయింది. ఒక పాపని దత్తత తీసుకుంది. ఇంటి వెనక పూలు వేసింది. సాయంత్రాలు గిటారు వాయించేది, చాలా దరిద్రంగా. హెలెన్ పడీపడీ నవ్వేది.

2014లో అనుకుంటా, బీర్‌గావ్ మనిషి నిజంగానే ఆసుపత్రికొచ్చాడు. కూతురికి జ్వరం. హెలెన్ సిస్టర్‌ని గుర్తుపట్టి, నయమైన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడట. ఆ సాయంత్రం తను నాకు ఫోన్ చేసి, కంగారుగా, "అన్నయ్యా, ఆయనకి మీసం ఉంది! కట్లున్నప్పుడు గడ్డం, మీసం గీసేసేవాళ్ళం కదా, నేను చూళ్ళేదు. ఆటలో మీసం ఎలా పెట్టాలి?" అంది. వెళ్ళి, ఆటలో అతన్ని అద్దం ముందు నిలబెట్టి మీసం పెట్టించి వచ్చాను. నాకు గుర్తున్న మంచి సాయంత్రాల్లో అదొకటి.

అత్త పోయింది. నాన్న రిటైరై, ఆయనా పోయాడు. హెలెన్ వార్డు మొత్తానికీ ఇన్‌ఛార్జి అయింది, శంకర్ నగర్‌లో చిన్న ఫ్లాటు తీసుకుంది. 2023 వేసవిలో దివ్య పన్నెండో తరగతి పూర్తిచేసి, కోచింగుకి దగ్గరని అక్కడే ఉంటానంది. దానికి తెలుగు చదవడం వచ్చిందంటే హెలెన్ చలవే. బడిలో హిందీ, ఇంగ్లీషే. అ ఆలు నేర్పాక, వాచకం బదులు కాకుమానువారి నోటు పుస్తకాలు చదివించింది. అందుకే మా దివ్యకి తెలుగులో మొదట వచ్చిన వాక్యం "రూతుకి జలుబు."

ఆ మే నెలలో పాత కంప్యూటర్ మొరాయించింది. ఆటంతా కొత్త ల్యాప్‌టాప్‌లోకి మార్చడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. పదిహేడేళ్ళ కాపురాలు, నెమ్మదిగా కాపీ అవుతున్నాయి. హెలెన్ పక్కన నిలబడి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. దివ్య నేల మీద కూర్చుని పాత పుస్తకాలు తిరగేస్తోంది.

"అత్తా, ఇక్కడ చిన్నారావు, బుజ్జి, పెళ్ళి అని రాసి కొట్టేశావు. ఎందుకు?"

"ఆట ఒప్పుకోలేదే."

"స్టుపిడ్ గేమ్. నీకూ అంతేనా అత్తా? నీకు పెళ్ళంటే మొదట్నుంచీ ఇష్టం లేదటగా? నాన్న చెప్పాడు మమ్మీకి."

ఇస్త్రీ పెట్టె ఆగింది. హెలెన్ నావైపు చూసింది. నేనలా చెప్పుకున్నానని తనకి ఇన్నేళ్ళూ తెలియదు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఆశ్చర్యం ఉంది. మనిషి ఇంకా ఇంత కిందికి దిగాడా అన్నట్టు. కాదనడానికి తనకి ఒక్క మాట చాలు. ఆ మాట తను అనలేదు. నా కూతురి ముందు నన్ను పడెయ్యలేదు.

"మీ నాన్ననే అడుగు" అంది, మళ్ళీ ఇస్త్రీ అందుకుని.

దివ్య నాకేసి తిరిగింది. అలాంటప్పుడు దాటెయ్యడం నాకు కొత్త కాదు. కాపీ అయ్యేలోపు టీ తాగొస్తానని లేవచ్చు. నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది కూడా. కానీ దివ్య ఒళ్ళో తెరిచిన పేజీలో చిన్నారావు పూటపూటా ఏం తిన్నాడో రాసి ఉంది. నేను లేవలేదు.

"అబద్ధం చెప్పాను" అన్నాను. "మీ తాతయ్య మా ఇద్దరికీ పెళ్ళనుకున్నాడు. తనకి ఇష్టమే. నాకూ ఇష్టమే. మేనత్త కూతురు మనకి చెల్లెలు కాదు, మరదలు. నా దోస్తులు చెల్లెలని నవ్వారు. వాళ్ళ ముందు సిగ్గేసి, రాఖీ పండగనాడు చెయ్యి చాచి మరీ కట్టించుకున్నాను. తను కట్టింది. తప్పంతా నాది."

"రాఖీయా?" అంది దివ్య. నవ్వబోయి, మా ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయింది. "క్యా నాన్నా... మమ్మీకి తెలుసా?"

"ఇవాళ చెప్తాను."

దివ్య పుస్తకం మూసింది, తెరిచింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "అత్తా, నీళ్ళు కావాలా?" అని లేవబోయింది.

హెలెన్ యూనిఫాం మడత పెట్టి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసింది. నావైపు చూడలేదు. దివ్యకే చెప్పింది, అ ఆలు నేర్పినప్పటి గొంతుతోనే.

"అత్త అనకూడదే. పిన్ని అనాలి."

"ఎందుకు?"

"మీ నాన్న నాకు మేనమామ కొడుకు. బావ అవుతాడు."

నాకు కళ్ళ ముందు తెర కనపడలేదు. నలభయ్యారేళ్ళ మగాణ్ణి, కూతురి ముందు చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాను. సిగ్గేమీ అనిపించలేదు. సిగ్గుపడవలసిన చోట పడకుండా, పడకూడని చోట పడి బతికినవాణ్ణి నేను. ఇప్పుడు కొత్తగా పొయ్యేదేముంది?

దివ్య ఆ మాటని నోట్లో ఒకసారి పలికి చూసుకుంది. తర్వాత పైకి, "పిన్నీ" అంది.

"ఊఁ" అని పలికింది హెలెన్.